తుడియలూరు తెలుగు వృద్ధులును, కంప్యూటరు మరమ్మతు వృత్తియు

కోయంబత్తూరు నగరమునుండి ఉత్తరముగా మేట్టుపాళయమునకు బోవు మార్గమున తుడియలూరు కలదు. పూర్వమిది తోటలును బావులును గల పల్లె. 2011వ సంవత్సరమున కోయంబత్తూరు నగరపాలక సంస్థలో చేరి నేడు నగరభాగమై యున్నది. దీనిని దాటి యదే మార్గమున మరికొంత దూరము పోయినచో నరసింహనాయకన్‌పాళయము, పెరియనాయకన్‌పాళయము అను నూళ్లు వచ్చును. ఆ పేళ్లలోని నాయక, పాళయ శబ్దములే యీ సీమ పూర్వకథను సూచించుచున్నవి. 1529 ప్రాంతమున విశ్వనాథనాయకుడు మధురలో నాయకరాజ్యమునకు పునాది వేసెననియు, ఆ రాజ్యము 72 పాళయములుగా నేర్పడెననియు చరిత్రకారులు చెప్పుదురు. విజయనగర కాలమునను, నాయకుల కాలమునను తెలుగువారు అనేక కులములవారు దక్షిణమునకు వచ్చి, మధుర మొదలు కొంగునాడు వరకు నెలకొనిరి. కమ్మవారు, బలిజలు, రెడ్లు, దేవాంగులు, అరుంధతీయులు మొదలగువారు నేటికిని ఈ ప్రాంతముల ఇండ్లలో తెలుగు మాటలాడుచున్నారు.

2011 జనాభా లెక్కలనుబట్టి తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షలు. అదే లెక్కలలో 60 ఏండ్లు నిండినవారు దేశమున నూటికి 8.6 మంది యుండగా, తమిళనాట నూటికి 10.4 మంది యుండిరి. ఈ రెండు లెక్కలును గలసినచోట నొక మనిషి కానవచ్చును. ఆమె డెబ్బదియేండ్ల అవ్వ. పలుకు తెలుగు, చదువు తమిళము. పిల్లలు పరదేశమున నున్నారు. బల్లమీద కొడుకు విడిచిపోయిన కంప్యూటరును, చేతిలో మనుమరాలు పంపిన సెల్‌ఫోనును గలవు. ఆ రెండింటిలో నేది మొరాయించినను ఆమెకు లోకముతో సంబంధము తెగిపోవును. అట్టివారి యింటికి బోయి యంత్రమును బాగుచేసి, దాని వాడుకను నేర్పు పని నొక వృత్తిగా చేయువారిలో ఈ వ్యాసకర్తయు నొకడు. ఏ సంస్థ కొలువునను లేక, పిలిచినవారి యింటికి బోయి చేసిన పనికి కూలి పుచ్చుకొను స్వతంత్రవృత్తి యిది. దీని స్వరూపమును, ఇందలి కష్టములను, తెలుగుభాషతో దీనికి గల సంబంధమును చదువరులకు విన్నవించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మరమ్మతు విద్య: కోయంబత్తూరు సంప్రదాయము

మరమ్మతు అన్నది కోయంబత్తూరునకు క్రొత్త విద్య కాదు. ఈ జిల్లాలోని కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి. డి. నాయుడు గారి జీవితమే యిందుకు నిదర్శనము. ఆయన యౌవనమున నొక ఆంగ్లేయాధికారి మోటారుసైకిలును చూచి ముచ్చటపడి, కోయంబత్తూరులో నొక భోజనశాలయందు పనిచేసి సొమ్ము కూడబెట్టి, దానిని కొని, భాగము భాగముగా విప్పి మరల కూర్చి, యంత్రరహస్యము నెరిగెనని ప్రసిద్ధి. 1920లో పొల్లాచి, పళనిల నడుమ బస్సు నడిపెను. 1937లో ఆయనయు, డి. బాలసుందరం నాయుడు గారును గలసి దేశమున మొదటి స్వదేశీ విద్యుత్ మోటారును నిర్మించిరని చెప్పుదురు. 1945లో ఆయన చేయూతతో వెలసిన సాంకేతిక కళాశాల తరువాతి కాలమున ప్రభుత్వ కళాశాలయైనది. ఆయన 1974లో స్వర్గస్థుడయ్యెను.

1930వ దశాబ్దమున పైకారా జలవిద్యుత్తు కొంగునాటికి వచ్చుటతో బావులకు పంపులును, మిల్లులకు మోటారులును వృద్ధి పొందినవి. మోటారు కాలిపోయిన దినమున పైరు ఎండును గాన, ప్రతి యూరను మరమ్మతుకాడు అవసరమయ్యెను. 1962లో పెరియనాయకన్‌పాళయమున నూలుమిల్లు యంత్రములు చేయు లక్ష్మీ మెషిన్ వర్క్స్ స్థాపితమయ్యెను. ఇట్టి కర్మాగారములలో ముప్పదేండ్లు పనిచేసి విరమించినవారు తుడియలూరు చుట్టుప్రక్కల ననేకులు గలరు. వేయి భాగములు గల యంత్రమును కన్నుమూసికొని విప్పి కూర్పగలిగిన యట్టివాడు సెల్‌ఫోను ముందు కూర్చుండి వణకుట నేను పలుమారులు చూచితిని. ఇదేమి చిత్రము? పాతయంత్రమున కారణమును కార్యమును కంటికి కనబడును. బెల్టు తెగినచో చక్రము నిలుచును. క్రొత్తయంత్రమున కారణము కానరాదు, కార్యము మాత్రము కనబడును. తెలివి తక్కువై కాదు, కారణము కనబడకపోవుటచేతనే ఆయన భయపడుచున్నాడు. కావున మరమ్మతుకాని మొదటి పని ఆ కారణమును కంటికి చూపుట.

యంత్రమునకు వచ్చు వ్యాధులు

ఇండ్లలో కంప్యూటరులకు సాధారణముగా వచ్చు చిక్కులు కొన్ని మాత్రమే. వానిని తెలిసికొన్నచో గృహస్థు సగము భయమును విడుచును.

మొదటిది దుమ్ము. లోపలి పంకా గాలిని పీల్చునపుడు దుమ్మునుగూడ పీల్చును. అది వేడిని వెడలగొట్టు రేకుల నడుమ పేరుకొనగా యంత్రము కాగిపోయి, తన్ను తాను రక్షించుకొనుటకై వేగమును తగ్గించుకొనును, లేదా ఆరిపోవును. ‘ముసలిదైపోయినది, క్రొత్తది కొనవలయును’ అని చెప్పబడిన యంత్రములు పెక్కు కుంచెతో దుమ్ము దులిపినంతనే లేచి కూర్చుండుట నా యనుభవము.

రెండవది గడియారపు బిళ్ల. యంత్రము ఆరియున్నపుడును కాలమును లెక్కించుటకు లోపల చిన్న బిళ్లవంటి బ్యాటరీ యుండును. దాని పేరు సీఆర్ 2032. పేరులోనే కొలత కలదు. 20 మిల్లీమీటరుల వ్యాసము, 3.2 మిల్లీమీటరుల మందము. ఇచ్చు విద్యుత్తు 3 వోల్టులు. ఇది కొన్నియేండ్లకు అయిపోవును. అప్పుడు యంత్రము ప్రతిదినమును ఏనాటిదో పాతతేదీని చూపును. బ్యాంకు మొదలగువాని పుటలు తెరచునపుడు కంప్యూటరు ఆ పుట యధికారపత్రముయొక్క గడువును తన తేదీతో సరిచూచుకొనును. తేదీ తప్పినచో ఆ పత్రము చెల్లదని తలచి తెరువ నిరాకరించును. గృహస్థు ‘ఇంటర్నెట్టు పోయినది’ అని కలతచెందును. పోయినది స్వల్పవెల గల బిళ్ల.

మూడవది జ్ఞాపకపు పలక. ర్యామ్ అనబడు ఈ పలకయొక్క లోహపు అంచున మకిలి పట్టినచో యంత్రము కూతలు పెట్టునే గాని తెరపై నేమియు చూపదు. పలకను దీసి, అంచును మెత్తని రబ్బరుతో తుడిచి, మరల గట్టిగా నొక్కినచో తరచుగా బాగుపడును.

నాలుగవది మిక్కిలి గడ్డుది, హార్డ్ డిస్కు. పాతరకపు డిస్కులో అద్దమువంటి పళ్లెరము గిరగిర తిరుగుచుండ, దానికి తాకీ తాకని యెత్తున నొక ముల్లు వ్రాతను చదువుచుండును. ‘టిక్కు టిక్కు’ మను చప్పుడు వినబడినచో ఆ ముల్లు తన చోటును గుర్తింపలేక తడుముకొనుచున్నదని యెరుగవలయును. అట్టితరి మాటిమాటికి యంత్రమును వెలిగించి చూచుట పుండును గెలికినట్లగును. వెంటనే ఆర్పివేసి, తెలిసినవానిచేత మొదట లోని సమాచారమునకు నకలు తీయించి, పిమ్మటనే తక్కిన మాట తలపెట్టవలయును.

ఐదవది వ్యాధి కాదు, కాలధర్మము. యంత్రము చక్కగా నుండగనే దానిలోని కార్యక్రమమునకు తయారీదారు ఆలన మానివేయును. విండోస్ 10 అను కార్యక్రమమునకు 2025 అక్టోబరు 14తో సాధారణపు ఆలన ముగిసినది. తుడియలూరు వృద్ధుల యిండ్లలోని కంప్యూటరులు పెక్కింటికి దాని తరువాతిదగు విండోస్ 11 పొసగదు. అట్టివానిలో ఉచితముగా లభించు లినక్సు కార్యక్రమమును పెట్టి మరికొన్నియేండ్లు నడుపవచ్చును. వార్తలు చదువుటకు, ఉత్తరములు చూచుటకు, మనుమలతో ముఖాముఖి మాటలాడుటకు అది చాలును. అయినను తెరపై బొమ్మల స్థానములు మారినచో వృద్ధులకు ఇల్లు మారినంత కష్టమగును. అందుచేత క్రొత్తకార్యక్రమమున గూడ పాతచోట్లనే పాతబొమ్మల నుంచి యిచ్చుట మంచిది.

వార్ధక్యమును యంత్రమును

యంత్రము బాగైనంతమాత్రమున పని ముగియదు. దానిని వాడు దేహముగూడ విచారింపదగినది.

నలుబదియేండ్లు దాటినపిమ్మట కంటిలోని కటకము బిగిసి దగ్గరి యక్షరములు మసకబారును. మరికొన్నియేండ్లకు శుక్లము పట్టినచో వెలుతురు చెదరి, తెల్లని తెరపై నూదారంగు అక్షరములు కనబడవు. కావున అక్షరములను పెద్దవిచేసి, నలుపు తెలుపుల భేదమును హెచ్చింపవలయును. ఈ సదుపాయము ప్రతి సెల్‌ఫోనులోను గలదు. చూపినవారే లేరు.

చెవికి మొదట దూరమగునవి సన్నని హెచ్చుస్థాయి ధ్వనులు. అచ్చులు వినబడును, స, త మొదలగు హల్లులు జారిపోవును. అందుచేత వృద్ధునితో అరచి మాటలాడుటకంటె మెల్లగా, తగ్గుస్థాయిలో, ఎదుట కూర్చుండి మాటలాడుట మేలు.

వ్రేలి సంగతి మరింత విచిత్రము. సెల్‌ఫోను తెర నొక్కుడును గుర్తించునది కాదు. చర్మము విద్యుత్తును కొంత యాకర్షించుటచే తెరమీది విద్యుత్ క్షేత్రములో గలుగు మార్పును గుర్తించును. వార్ధక్యమున చర్మము పొడిబారగా ఆ మార్పు తగ్గును. అవ్వ ఒత్తును, తెర పలుకదు. ఆమె మరింత గట్టిగా, మరింత సేపు ఒత్తును. ఎక్కువసేపు ఒత్తుట యన్నది యంత్రభాషలో వేరొక యాజ్ఞ. దానితో తెరపై నూహింపని పట్టిక యేదో తెరచుకొనును. ‘నాయనా, ఇది తానే చెడిందా, నేను చెడిపితినా?’ అని యామె యడుగును. ఈ ప్రశ్న నేను వినని వారము లేదు. వ్రేలిని తడిగుడ్డతో నద్ది తుడుచుకొనుట, తెరమీది మందపు రక్షణరేకును తీసి పలుచనిది వేయుట, ‘తాకి పట్టుట’కు గల వ్యవధిని హెచ్చించుట అను మూడు చిన్నపనులతో పెక్కుమంది కష్టము తీరినది. వణకు చేతులవారికిని ఈ వ్యవధియే యుపకారము చేయును.

చేయి సహకరింపనపుడు బుద్ధియు సహకరింపదని తలచుట పొరపాటు. మధురలో అరవింద నేత్రవైద్యశాలను స్థాపించిన గోవిందప్ప వేంకటస్వామి గారి చరిత్ర యిందుకు సాక్ష్యము. 1918లో జన్మించిన ఆయనకు యౌవనముననే కీళ్లవాతము సోకి చేతివ్రేళ్లు వంకరవోయినవి. ఐనను ఆ వ్రేళ్లతోనే శస్త్రమును పట్టుట నేర్చి, లక్షకు మించిన నేత్రచికిత్సలు చేసిరి. 58వ యేట ప్రభుత్వోద్యోగమునుండి విరమించి, 1976లో 11 పడకలతో ఆ వైద్యశాలను ప్రారంభించిరి. పనిముట్టును చేతికి తగినట్లు అమర్చుకొన్నచో వంకరవ్రేళ్లును సూక్ష్మకార్యము చేయగలవు. అవ్వ చేతిలోని సెల్‌ఫోనునకును ఇదే న్యాయము.

పలుకు తెలుగు, వ్రాత తమిళము

ఇక నీ సంఘమువారి కెక్కువ సంబంధించిన విషయమునకు వత్తును. తుడియలూరు తెలుగువృద్ధులలో హెచ్చుమందికి తెలుగు పలుకు వచ్చును, తెలుగు లిపి రాదు. వారు బడిలో చదివినది తమిళము. వారి మనుమలు చదువుచున్నది ఆంగ్లము. కొన్ని కుటుంబములలో అవ్వకు ఆంగ్లము రాదు, మనుమరాలికి తమిళలిపి రాదు, ఇరువురికిని తెలుగులిపి రాదు. ఇద్దరికిని ఉమ్మడిగా మిగిలినది వ్రాత లేని తెలుగు పలుకు ఒక్కటే.

మొదట నేనీ సంగతిని గ్రహింపలేదు. నోటితో చెప్పిన తెలుగును యంత్రమే వ్రాయు సదుపాయమును ఒక అవ్వకు గర్వముగా చూపితిని. ఆమె పలికెను, తెరపై తెలుగక్షరములు వరుసదీరినవి. ఆమె నా ముఖము చూచి, ‘ఇదేమి వ్రాసిందో ఎవరు చదవాల?’ అని యడిగెను. చదువగలవాడను ఆ గదిలో నేనొక్కడనే యుంటిని. అదియును గాక, ఆమె తెలుగులో కలసియున్న తమిళపదములను యంత్రము వేరొక పదములుగా వ్రాసియుండెను. ఆనాటినుండి యట్టివారికి వ్రాతసందేశమును నేర్పుట మాని, కంఠధ్వనినే పంపు పద్ధతిని నేర్పుచున్నాను. ఒక బొమ్మను పట్టుకొని మాటలాడి, విడిచినచో ఆ మాట మనుమరాలికి చేరును. అందు లిపి ప్రసక్తి లేదు.

నేర్పిన దానిని జ్ఞాపకముంచుకొనుటకు మాత్రము వ్రాత యవసరము. అందుకై అట్టముక్కమీద తెలుగుమాటలనే తమిళాక్షరములతో వ్రాసి యిచ్చుచున్నాను. ఇందొక చిక్కు కలదు. తమిళలిపిలో క, గ లకు నొకటే యక్షరము. అట్లే త, ద లకును, ప, బ లకును నొక్కొక్కటే. కావున కాలి, గాలి యను మాటలు ఒకే రీతిగా వ్రాయబడును. పాట, బాట యనునవియు నంతే. ఇంటిలో వినియున్న తెలుగు గనుక అవ్వ సందర్భమునుబట్టి సరిగానే చదువుకొనును. సందేహము గలచోట ఆ యక్షరముక్రింద ఎఱ్ఱసిరాతో నొక చుక్క పెట్టి, ప్రక్కన తెరమీది బొమ్మను గీయుదును. ఒక అట్టకు ఒక పని, ఒక పంక్తికి ఒక చేష్ట అనునది నియమము.

తెలుగును తమిళలిపిలోనికి మార్చుట యంత్రమునకు కష్టము కాదు. 1991లో భారతీయ ప్రమాణసంస్థ ప్రకటించిన ఇస్కీ యను సంకేతపద్ధతిలో భారతీయలిపులు పెక్కు ఒకే వరుసలో నమర్పబడినవి. ఆ వరుసనే యూనికోడు పద్ధతియు ననుసరించినది. అందు తెలుగునకు 128 స్థానములు, తమిళమునకు 128 స్థానములు గలవు. సమానధ్వనులు సమానస్థానములలో నున్నవి. కావున తెలుగునుండి తమిళలిపికి మార్పు యాంత్రికముగా సాగును. తమిళలిపినుండి తెలుగునకు మరల రావలసివచ్చినపుడు మాత్రము గ కారమేది, క కారమేది యని తెలియదు. పైని చెప్పిన ఎఱ్ఱచుక్కవంటి గుర్తునొకదానిని అందరు నంగీకరించి వాడినచో ఆ లోపమును దీర్పవచ్చును.

నమ్మకమును మోసమును

వృద్ధునికి యంత్రము నేర్పువాడు దానివెంట వచ్చు అపాయమునుగూడ చెప్పితీరవలయును. 2016లో యూపీఐ వచ్చినపిమ్మట సొమ్ము చేతులు మారుట క్షణకార్యమైనది. మోసమును క్షణకార్యమైనది. ఈ క్రింది విషయములను నేను ప్రతి యింటను తెలుగులో పలుమారులు చెప్పి, వారిచేత మరల చెప్పించుకొందును.

సొమ్ము పంపుటకు పిన్ సంఖ్య కావలయును, పుచ్చుకొనుటకు అక్కరలేదు. ‘మీకు సొమ్ము వచ్చినది, పిన్ కొట్టుడు’ అనువాడు దొంగ. ఫోనునకు వచ్చిన ఓటీపీ సంఖ్యను బ్యాంకువారెన్నడును నోటితో నడుగరు. దూరమునుండి మీ తెరను చూచుటకు వీలుకల్పించు కార్యక్రమమును, ఎవరో ఫోనులో చెప్పినంతమాత్రమున పెట్టుకొనరాదు. పోలీసు వేషమున వీడియోలో కనబడి, ‘మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, గది కదలరాదు’ అని బెదరించువాడును దొంగయే. అట్టి అరెస్టు చట్టములో లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రియే రేడియో ప్రసంగమున చెప్పిరి. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలయును. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును నడుమనే నిలుపుట కంత అవకాశము.

మంచిపనికిని ఇదే యంత్రము సాధనము. కేంద్రప్రభుత్వ పింఛనుదారులు తాము జీవించియున్నామను ధ్రువపత్రమును ప్రతి నవంబరునను సమర్పింపవలయును. 80 ఏండ్లు దాటినవారికి అక్టోబరు 1 నుండియే వీలు కలదు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అను పద్ధతియు, 2021లో ముఖమునుబట్టి గుర్తించు పద్ధతియు వచ్చినవి. వ్రేలిముద్రలు అరిగిపోయిన మిల్లుకార్మికునకును, మడమనొప్పిగల అవ్వకును ఇంటినుండియే యీ పని నెరవేరుట చిన్నమేలు కాదు.

ఇచ్చట మరమ్మతుకాని ధర్మముగూడ చెప్పవలసియున్నది. అపాయము బయటివానివలననే వచ్చునని లేదు, ఇంటిలోనికి వచ్చిన మావలననుగూడ రావచ్చును. కొన్నియేండ్లక్రిందట నేనొక తాతగారికి బ్యాంకుపని, పింఛనుపని, విద్యుత్తు బిల్లు అన్నియు నేనే చకచక చేసిపెట్టితిని. రహస్యపదములను జ్ఞాపకముంచుకొనలేనన్నందున వానిని నా పుస్తకములో వ్రాసికొంటిని. ఆయన సంతోషించెను, నేనును సంతోషించితిని. ఒకనెల నాకు జ్వరము వచ్చి పది దినములు పోలేకపోతిని. ఆ పది దినములును ఆయన తన సొమ్ము ఎంతయున్నదో తానెరుగక కూర్చుండెను. నేను ఆయనకు సహాయము చేయలేదు, ఆయన తాళపుచెవిని నా మొలలో దోపుకొంటిని. తిరిగిపోయి, పదములన్నియు మార్పించి, ఆయన చేతివ్రాతతోనే ఆయన పుస్తకములో వ్రాయించి, బీరువాలో పెట్టించితిని. నా పుస్తకములోని పుటను ఆయన యెదుటనే చించివేసితిని. అప్పటినుండి నా నియమమొకటి: నేర్చువాని చేయియే తెరమీద నుండవలయును, నా చేతులు నా ఒడిలో నుండవలయును. పది నిమిషములలో నేను చేయగల పని ఆయనకు గంట పట్టును. కూలి మాత్రము ఒక పనికే. ఐనను మరునాడు ఆయన తానే చేసికొనగలిగినపుడు గాని ఆ మరమ్మతు పూర్తియైనట్లు లెక్కింపరాదు.

డిస్కులోని పాటలు

ముగింపున నొక యుదంతము. తుడియలూరులో భర్తను గోల్పోయిన యొక అవ్వ తన కంప్యూటరును నాకు చూపెను. లోన టిక్కు టిక్కు మను చప్పుడు. అంతకుమునుపు ఒక దుకాణమువారు ‘అంతయు తుడిచివేసి క్రొత్తగా పెట్టెదము’ అనిరట. ‘తుడిచేస్తే ఆయన గొంతు పోతుంది గదా’ అని యామె తిరిగి తెచ్చుకొనెను. నేను దానిని మరల వెలిగింపక, డిస్కును వేరుచేసి, రెండు దినములు మెల్లమెల్లగా నకలు తీసితిని. అన్నియు రాలేదు. ఫొటోలు కొన్ని సగము బూడిదరంగైపోయినవి. కాని ఆమె భర్త కంఠము వచ్చెను. ఆయన తన తల్లిచేత పాడించి యుంచిన పెండ్లిపాటలును వచ్చినవి. వానిలో నేనెన్నడును వినని తెలుగుమాటలు గలవు. ఆ పాటలు పాడిన ముదుసలి లేదు, వ్రాసియుంచినవారును లేరు. ఆ డిస్కు తప్ప వానికి వేరొక యునికి యుండలేదు.

నకళ్లు మూడు చేసితిమి. రెండు వేర్వేరు సాధనములలో ఇంటనుంచి, ఒకటి దూరముననున్న కొమార్తెకు పంపితిమి. తరువాత అవ్వ తానే సెల్‌ఫోనులో ధ్వనిముద్రణ చేయుట నేర్చెను. ఆమెకు మూడు వారములు పట్టినది. ఇప్పుడామె తన అత్తగారి పాటలలో డిస్కునకు చిక్కనివానిని, తనకు జ్ఞాపకమున్నంతవరకు, తానే పాడి మనుమరాలికి పంపుచున్నది. నేను పోయినను రాకున్నను ఆ పని సాగుచున్నది.

తుడియలూరువంటి యూళ్లలోని తెలుగు గ్రంథములలో లేదు, శాసనములలో లేదు. ముదుసలుల నోళ్లలోను, వారి పాతయంత్రములలోను గలదు. నోరు మూతపడినను, యంత్రము మూలబడినను అది పోవును. దక్షిణాంధ్రవాఙ్మయమును గూర్చి విచారించు విద్వాంసులు తాళపత్రములను వెదకునపుడు, అటకమీది డిస్కులనుగూడ నొకమారు విచారింతురు గాక. మన సంఘములోని విద్యార్థులు సెలవుదినములలో ఒక్కొక్కరు ఒక్కొక్క అవ్వకు సెల్‌ఫోను నేర్పుటకు పూనుకొందురు గాక. వారు తెలుగులోనే నేర్పవలయును, తమిళాక్షరములతో అట్ట వ్రాసి యీయవలయును, తమ చేతులను తమ ఒడిలోనే యుంచుకొనవలయును. ఇదియే యీ వృత్తివాని విన్నపము.